పాలిప్‌కి గర్భసంచిని బలిపెట్టకు

మద్నూర్

బిడ్డా,

స్కానింగ్‌లో పాలిప్ కనిపించిందని, పిల్లలు పుట్టారు కదా, సంచే తీయించేస్తే పీడ పోతుందని ఇంట్లో అంటున్నారని రాశావు. తొందరపడకు. పాలిప్ తీయడం వేరు, గర్భసంచి తీయడం వేరు. మన దగ్గర రెండింటినీ కలిపి ‘ఆపరేషన్’ అనేస్తారు, నష్టమంతా అక్కడే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడు. 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద వందకు ముగ్గురు, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. మన ఆడవాళ్లకే ఇన్ని జబ్బులంటే నేను నమ్మను. అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమల్లోకి తేవాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది కూడా.

పాలిప్ అంటే సంచి లోపలి పొర ఒకచోట పెరిగి, చాలాసార్లు చిన్న కాడకు వేలాడే మెత్తని కండ. హిస్టరోస్కోపీలో కింది నుంచే సన్నని కెమెరా గొట్టం పంపి, సంచిలో సెలైన్ నింపి, తెర మీద చూస్తూ ఆ కాడను మొదట్లో కత్తిరిస్తారు. కడుపు మీద కోత ఉండదు, చాలామంది అదే రోజు ఇల్లు చేరతారు. కెమెరా లేకుండా గీకే డి అండ్ సిలో పాలిప్ తప్పిపోవచ్చు, కాబట్టి ఏ పద్ధతిలో తీస్తారో ముందే అడుగు. క్యాన్సర్ అవుతుందేమోనని మీ అత్తమ్మ భయం. ఇంకా ముట్లుడగని వాళ్ల పాలిప్‌లలో అది వందకు ఒకటి రెండు మాత్రమే, ఆ సంగతి తీసిన ముక్క బయాప్సీలో తేలుతుంది. అందులో చెడు కనిపిస్తే గర్భసంచి తీయమనడం న్యాయమే, అప్పుడు నేనూ అడ్డు చెప్పను. మళ్లీ పెరగదా అంటే, కొందరికి పెరుగుతుంది. అప్పుడు మళ్లీ కత్తిరించవచ్చు, హార్మోన్ లూప్ వేయించుకోవచ్చు. పిల్లలు పుట్టాక సంచితో పనేముందన్న మాటే నాకు బాధ కలిగిస్తుంది. సంచి తీసేస్తే, అండాశయాలు ఉంచినా ముట్లుడిగే మార్పు ముందే రావచ్చు. వాటినీ తీసేస్తే ఎముకలు గుల్లబారతాయి, గుండెకూ ముప్పు పెరుగుతుంది.

కెమెరా ఉన్న ఆసుపత్రి కోసం నిజామాబాద్ దాకానో నాందేడ్ దాకానో పోవాలంటే కూలీ పోతుందంటారు, నిజమే. కానీ పెద్ద ఆపరేషన్ అయితే వారాల తరబడి బరువెత్తకూడదు, పత్తి ఏరే రోజుల్లో అది ఎంత కూలీ? పైగా సెంటీమీటరు లోపువై, రక్తం ఎక్కువ పోకపోతే కొన్ని పాలిప్‌లు వాటంతటవే పోతాయి. అందుకే ఈసారి ముట్టు ఆగిన రెండు మూడు రోజులకే మళ్లీ స్కానింగ్ చేయించు, పొర పలుచగా ఉండి పాలిప్ స్పష్టంగా కనిపిస్తుంది. హిమోగ్లోబిన్ కూడా చూపించుకో, పాత రిపోర్టు వెంట తీసుకుపో.

మీ పెద్దమ్మ