కొండ దాటిన మాట

2009వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన తుంగభద్రా, హంద్రీ నదులు పొంగి కర్నూలు నగరమును ముంచివేసినవి. జనులు మేడలపైకెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. అట్టి వేళ అన్నము, నీరు ఎంత ముఖ్యమో, “ఇచట ఇందరము చిక్కుకొనియున్నాము” అను వార్తయు అంత ముఖ్యము. కాని విద్యుత్తు నిలిచిపోయినచో టెలిఫోనులు మూగవోవును. అప్పుడు మాటను దాటించునదెట్లు?

ఈ ప్రశ్నకు సమాధానమును సిద్ధముగా ఉంచుకొనువారు కొందరు కలరు. వారు ఔత్సాహిక రేడియోవారు. ప్రభుత్వ పరీక్షలో నెగ్గి, అనుమతి పొంది, లాభాపేక్ష లేక సొంత రేడియో కేంద్రములను నడుపుకొనువారికి ఈ పేరు. లోకమంతట వీరిని ‘హామ్’లని పిలుతురు. 2004 డిసెంబరులో హైదరాబాదునందలి జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ పక్షమున భారతీ ప్రసాద్ అను మహిళ నాయకత్వమున ఒక బృందము అండమాను దీవులకు వెళ్లెను. దూరదేశముల హామ్‌లతో సంభాషించుట వారి ఉద్దేశము. 26వ తేదీన సునామీ విరుచుకుపడెను. వినోదము నాటితో విధిగా మారెను. దీవులనుండి ప్రధాన భూభాగమునకు క్షేమవార్తలను చేరవేయుటలో ఆ చిన్న రేడియో కేంద్రము ఎంతయో తోడ్పడెను.

సముద్రముపై వందలకొలది కిలోమీటర్లు దాటిన మాట, ఒక్కొక్కప్పుడు ఇంటి వెనుక కొండను దాటలేదనిన ఆశ్చర్యము కలుగును. నంద్యాల జిల్లాలోని నందికొట్కూరునకు తూర్పున నల్లమల అడవులు కలవు. వాని నడుమ శ్రీశైలము ఉన్నది. రెండు ఊళ్లకు నడుమ నేరుగా కొలిచిన దూరము సుమారు 70 కిలోమీటర్లే. అయినను చేతిలో పట్టుకొను చిన్న రేడియో తరంగములు ఇంచుమించు తిన్నగా పోవునవి గనుక కొండలు వానిని అడ్డగించును. హ్రస్వ తరంగములను నిలువు కడ్డీనుండి పంపినచో, అవి ఏటవాలుగా పోయి, ఆకాశమున తగిలి, ఎక్కడనో వందల కిలోమీటర్ల ఆవల నేలకు దిగును. దూరదేశమువాడు వినును, కొండ ఆవలివాడు వినడు!

దీనికి కారణమొక చిన్న సూత్రము. ఏ తిన్నని తీగయు తన కొన చూపు దిక్కునకు తరంగములను పంపదు. తన ప్రక్కలకే పంపును. నిలువు కడ్డీ కొన ఆకాశమును చూచుచున్నది. కావున నడినెత్తిపై ఆకాశమునకు దానినుండి ఏమియు పోదు. అదే తీగను అడ్డముగా పరచినచో దాని ప్రక్క ఆకాశమునకు తిరుగును.

ఇందుకై హామ్‌లు కట్టు ఆంటెనాలలో అడ్డు వలయమొకటి. సెకనుకు 70 లక్షల మార్లు కంపించు తరంగము, అనగా 7 మెగాహెర్ట్జ్‌ల తరంగము, పొడవున సుమారు 43 మీటర్లుండును. అంత పొడవు రాగితీగను నాలుగు గుంజలకు చతురస్రముగా, నేలకు సమాంతరముగా కట్టుదురు. ఒక్కొక్క భుజము 11 మీటర్లకు కొంచెము తక్కువ. ఎత్తు 10 మీటర్లకు మించనక్కరలేదు. నేలను తాకి మరలిన తరంగము తీగనుండి వెడలిన తరంగముతో కలిసి పైకి సాగును. ఆకాశమున సుమారు 300 కిలోమీటర్ల ఎత్తున అయనావరణము కలదు. అది అనుకూలముగా ఉన్నప్పుడు ఆ తరంగమును నేలకు మరలించును. జల్లెడనుండి రాలిన పిండివలె మాట చుట్టుప్రక్కల సీమపై పడును. ఆళ్లగడ్డయు, శ్రీశైలమును, 170 కిలోమీటర్ల దూరమునందున్న హైదరాబాదును ఆ పరిధిలోనివే. కొండను ఢీకొనుట లేదు. కొండ నెత్తిపైనుండి దిగుటయే! రాత్రివేళ అయనావరణము బలహీనమగును గనుక 3.5 మెగాహెర్ట్జ్‌లకు దిగి, రెట్టింపు పొడవుగల తీగను వాడుదురు.

అడ్డు తీగనుండి ప్రక్కలకు వెడలు తరంగము అడ్డముగా కంపించును. నిలువు తీగనుండి వెడలినది నిలువుగా కంపించును. ఈ కంపన దిశకే ధ్రువణమని పేరు. 1888 ప్రాంతమున జర్మనీలో హెర్ట్జ్ అను శాస్త్రజ్ఞుడు సమాంతరమైన తీగల చట్రమును తరంగమునకు అడ్డుగా ఉంచెను. తీగలు కంపన దిశలో ఉన్నప్పుడు తరంగము ఆగిపోయెను. చట్రమును లంబముగా త్రిప్పగానే దాటిపోయెను. కంపన దిశలోనున్న తీగయే తరంగమును పట్టునని దీనివలన తెలియును. కనుక ఎదురెదురుగా మాటలాడుకొను ఇరువురిలో ఒకరి ఆంటెనా నిలువుగను, ఒకరిది అడ్డముగను ఉన్నచో, చేరు శక్తి నూరవ వంతునకు తగ్గిపోవచ్చును.

అట్లయిన ఆకాశమునుండి దిగిన తరంగము సంగతి ఏమి? 1898లో మన జగదీశ చంద్ర బోసు మెలిపెట్టిన జనపనార కట్టల గుండా విద్యుత్తరంగములను పంపి, వాని కంపన దిశ తిరుగుటను చూపెను. అయనావరణమును భూమి అయస్కాంత శక్తితో కూడి అట్టి పనియే చేయును. అడ్డముగా వెడలిన కంపనము మరలివచ్చునప్పటికి దిశ మారి, అనుక్షణము తిరుగుచుండును. అందువలన ఆకాశ మార్గమున ఇరువురి తీగలు ఒకే తీరున లేకున్నను మాట వినబడును. ఇచట ముఖ్యమైనది తరంగము ఏ కోణమున వెడలినదన్నదే.

వలయమును కట్టువారు దానిని విద్యుత్ తీగలకు దూరముగా ఉంచవలెను; ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు ముట్టరాదు; అనుమతి లేనిదే మాట ప్రసారము చేయరాదు. వరద వచ్చిన నాడు తీగను వెదకిన ప్రయోజనము లేదు. ఎండకాలముననే కట్టి, పొరుగూరివారితో మాటలాడి చూచుకొనినవాని తీగయే ఆపదవేళ పలుకును.

ప్రశ్నలు
1. నిలువు కడ్డీ నడినెత్తి ఆకాశమునకు తరంగములను ఏల పంపదు?
2. ధ్రువణమనగానేమి? హెర్ట్జ్, బోసుల ప్రయోగములను వివరింపుము.
3. మీ ఊరికి వరద వచ్చినచో వార్త ఏ ఊరికి, ఏ విధమున చేరవలెనో ఆలోచించి వ్రాయుము.