గంధకము – కీళ్ళ ఆరోగ్యము

తెలుగులో గంధకమని, ఉర్దూలో గంధక్ అని పిలువబడే మూలకం మన కీళ్ళలోనూ ఉన్నది. ఎముకల కొనలను కప్పియుండే మృదులాస్థిలోని కాండ్రాయిటిన్ సల్ఫేట్ నీటిని నిలిపి, కీలు ఒత్తిడికి తట్టుకొనేలా చేస్తుంది. ఆ సల్ఫేట్‌లో ఉన్నది గంధకమే.

మోకాళ్ళు అరిగి, నమాజులో సజ్దా చేయలేక కుర్చీని ఆశ్రయించే పెద్దలు మన ఇండ్లలో ఎందరో ఉన్నారు. అట్టివారికై ఎం.ఎస్.ఎం. అనే తెల్లని పొడి నేడు అమ్ముడవుతున్నది. మిథైల్ సల్ఫొనైల్ మీథేన్ దీని పూర్తి పేరు. దీని బరువులో సుమారు 34 శాతం గంధకమే.

ఇది నిజముగా పనిచేయునా? 2006లో ప్రచురితమైన అమెరికా పరిశోధనలో, మోకాళ్ళ అరుగుదల గల 50 మందిలో కొందరికి రోజుకు 6 గ్రాముల చొప్పున 12 వారాలు ఈ పొడిని, మిగిలినవారికి ఉత్తుత్తి మందును ఇచ్చారు. పొడి వాడినవారిలో నొప్పి కొంత తగ్గి, కదలిక మెరుగుపడింది. బిగుసుదనంలో మాత్రం చెప్పుకోదగిన తేడా లేదు. 2011లో ఇజ్రాయెల్‌లో 49 మందిపై జరిపిన పరీక్షలోనూ మేలు స్వల్పమే. అరిగిన మృదులాస్థి తిరిగి పెరుగునని ఇవేవీ నిరూపించలేదు.

“ప్రకృతిసిద్ధం” అన్న ప్రకటననూ పరిశీలించవలెను. పాలలో, టమాటాలో ఈ పదార్థం అత్యల్పంగా ఉన్నమాట నిజమే. కాని అమ్మే పొడి కర్మాగారంలో తయారగునదే. అంతమాత్రాన అది చెడ్డది కాదు. ప్రకృతిసిద్ధమైనంత మాత్రాన మంచిదీ కాదు.

కావున విద్యార్థులారా, ఇంటి పెద్దలు ఈ డబ్బా కొనదలచినప్పుడు ముందుగా వైద్యుని సంప్రదింపజేయండి. తగిన వ్యాయామం, శరీరపు బరువు తగ్గింపు మోకాళ్ళకు మేలుచేయునని మరింత బలమైన ఆధారాలున్నవని వారికి తెలుపండి. చదివిన రసాయనశాస్త్రం ఇంటివారికి ఉపకరించినప్పుడే చదువుకు సార్థకత.