కూరలు పెంచితే కడుపెందుకు ఉబ్బుతుంది?

నౌపడకు దగ్గరలోని ఉద్దానం తోటల్లో పనస విరివిగా కాస్తుంది. అలవాటు లేనివారు ఒకేసారి పది తొనలు తింటే కడుపు ఉబ్బరించవచ్చు. కూరగాయలు, ఆకుకూరలు ఒక్కసారిగా పెంచినా అంతే. "ఇవి నాకు పడవు" అని కొందరు మానేస్తారు. అసలు కడుపులో ఏం జరుగుతుంది?

పండ్లలో, కూరల్లో పీచుపదార్థం ఉంటుంది. మన జీర్ణరసాలు దాన్ని అరిగించలేవు. అది చిన్నపేగు దాటి పెద్దపేగు చేరుతుంది. అక్కడి బాక్టీరియా అందులో కొంత భాగాన్ని పులియబెడుతుంది. అప్పుడు హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువులు పుడతాయి. ఉబ్బరం అందువల్లే. కాని అదే పనిలో బ్యుటిరిక్ ఆమ్లం కూడా తయారవుతుంది. పెద్దపేగు లోపలిపొర కణాలకు అది ముఖ్యమైన ఆహారం. పులియని పీచు నీటిని పట్టి ఉంచి మలాన్ని మెత్తబరుస్తుంది. మలబద్ధకం తగ్గుతుంది.

2000 కిలోకాలరీల రోజువారీ ఆహారంలో 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉండాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించింది. అంతా ఒక్కరోజులో అందుకోవాలని చూడకండి. కొన్ని వారాలపాటు కొద్దికొద్దిగా పెంచండి. నీళ్లు బాగా తాగండి. చాలామందికి ఉబ్బరం క్రమంగా తగ్గుతుంది. తీవ్రమైన నొప్పి వచ్చినా, మలంలో రక్తం పడినా మాత్రం డాక్టరుకు చూపించాలి.

రేపటి భోజనంలో ఒక్క గరిటె కూర ఎక్కువ వేసుకుని మొదలుపెట్టండి!