గుత్తకు తీసుకున్న కయ్యను మళ్లీ గుత్తకిస్తున్నారా?

విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు వైపు ఇది మామూలే. భూమి గలాయన నెల్లూరులోనో చెన్నైలోనో ఉంటాడు. ఊళ్లో ఒకరు పదెకరాలు గుత్తకు తీసుకుని, నాలుగు తాను చేసుకుని, ఆరు ఇంకొకరికి వదులుతారు. ఆ నడిమి మనిషి మీరే అయితే ఒకటి తెలుసుకోండి: 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టంలో మీకు చోటు లేదు. పట్టాదారు, సాగుదారు, అంతే.

మొదటి పని: భూమి ఎవరి పేరున ఉందో 1బీలో చూడండి. తండ్రి పోయి ఏళ్లయినా పేరు మారని పట్టాలుంటాయి. సంతకం ఎవరిదో ముందే తేలాలి.

రెండోది: మళ్లీ ఇవ్వడానికి భూమి గలాయన ఒప్పుకోలు కాగితం మీద తీసుకోండి. బండి ఆగేది ఇక్కడే. 2011 చట్టం కింద రుణ అర్హత కార్డుకు ఆయన సంతకం అక్కర్లేదు; ఇప్పుడది లేనిదే సాగుదారు పత్రం రాదు. ఆయన భయమూ ఊరికే పుట్టింది కాదు. 1956 కౌలు చట్టానికి 1974లో వచ్చిన సవరణ గడువు కనీసం ఆరేళ్లంది. దాంతో చాలామంది కాగితం మానేసి నోటిమాటకు దిగారు. 2019 చట్టం ప్రకారం ఒప్పందం 11 నెలలే. సాగుదారుకు పంట మీద తప్ప భూమి మీద హక్కు రాదు. ఈ మాట వీఆర్వో నోట చెప్పించండి. మీరు చెబితే అనుమానం ఇంకా పెరుగుతుంది.

మూడోది: ఆ ఆరెకరాల పత్రం మీద మీ పేరు వేయించుకోవద్దు. మడిలో దిగేవాడి పేరే ఉండాలి. 2021 నవంబరులో పెన్నా పొంగినట్టు మళ్లీ పొంగితే, మునిగేది ఆయన నాట్లు. నష్టం డబ్బు మీ ఖాతాలో పడితే ఊళ్లో తలెత్తుకోలేరు.

నాలుగోది: పత్రం రాగానే రైతు సేవా కేంద్రంలో ఈ-పంట నమోదు. ధాన్యం కొనుగోలు కేంద్రానికి తోలాలన్నా అదే ఆధారం.

చివరగా మీకూ, ఆ సాగుదారుకూ మధ్య లెక్క. ఇక్కడ పుట్టంటే 850 కిలోలు, బయటివాళ్లకు ఆ లెక్క తెలియదు. అందుకే గుత్తను కిలోల్లో రాసుకోండి. ఎడగారు కూడా అందులోనేనా, సోమశిల నీళ్లు వదలకపోతే ఎంత తగ్గాలి, ఇవీ రాయండి. పత్రం గడువు తేదీ మీ గోడ క్యాలెండర్ మీద చుట్టండి, ఆయన గోడ మీదా చుట్టించండి.