ప్రసాదిస్థలము - అవధానభక్తి

షట్‌స్థలములలో ఒక్కొక్క స్థలమునకు ఒక్కొక్క భక్తిని పెద్దలు నిర్ణయించిరి. భక్తునిది శ్రద్ధాభక్తి, మహేశునిది నిష్ఠాభక్తి, ప్రసాదిది అవధానభక్తి, ప్రాణలింగిది అనుభవభక్తి, శరణునిది ఆనందభక్తి, ఐక్యునిది సమరసభక్తి. ఈ వరుసను కంఠస్థము చేయు తెలుగు బాలునకు మూడవదానివద్ద ఒక చిక్కు కలుగును. అవధానమనగానే అతనికి సభయు, ఎనమండుగురు పృచ్ఛకులును, నడుమ కూర్చున్న అవధానియు తోచుదురు. ప్రసాదికి పృచ్ఛకులు లేరు, సభ లేదు. చేతిలోని కబళమునందు మనస్సుండుటయే అతని అవధానము. ఇంత చిన్న విషయమును ఒక స్థలమునకు లక్షణముగా ఏల చెప్పిరో విచారింపదగియున్నది.

వీరశైవుని దృష్టిలో లింగమునకు అర్పింపక తీసికొన్నది పదార్థము. అర్పించి తీసికొన్నది ప్రసాదము. ఈ అర్పణము పూజాగృహముతో ముగియదు. ఘ్రాణమున ఆచారలింగము, జిహ్వయందు గురులింగము, నేత్రములందు శివలింగము, త్వక్కునందు జంగమలింగము, శ్రోత్రమున ప్రసాదలింగము, హృదయమున మహాలింగము కలవని శాస్త్రము. కనుక మల్లెపూవు వాసన ముందుగా ఆచారలింగమునకు చెందవలెను. పులుసులోని పులుపు గురులింగమునకు. మనుమరాలి పలుకు ప్రసాదలింగమునకు. వీనివలన కలిగిన తృప్తి మహాలింగమునకు. ఇందు ఒక మెలిక యున్నది. అర్పించువాడు అక్కడ లేనిచో అర్పణము జరుగదు. పొలము గట్టు తగవును నెమరువేయుచు భుజించినవానికి తాను తిన్నది పప్పో, పచ్చడియో తెలియదు. తాను రుచి యెరుగనిదానిని అతడు గురులింగమునకు ఏమని అర్పించెను? శుచిగా వండినను, విభూతి ధరించినను, మంత్రము పలికినను అది పదార్థముగనే మిగిలినది.

నేడు మన ఇండ్లలో ఇది ఎక్కువగా కానవచ్చుచున్నది. కుడిచేత ముద్ద, ఎడమచేత ఫోను. అరచేత నిలిపి చూచుటకు గురువు ఒకటి ఇచ్చెను, అంగడి మరియొకటి ఇచ్చినది! అయితే దీనిని యువకుల దోషముగా మాత్రమే ఎంచుట న్యాయము కాదు. ఫోను లేని దినములలోను పెద్దలు వడ్డించిన విస్తరి ముందు కూర్చుండి కోర్టు వ్యాజ్యములను తలచుచునే యుండిరి.

కాయకమునందును అవధానము ఇట్టిదే. బసవేశ్వరుడు లోకమును విడిచి అడవికి పోలేదు. 12వ శతాబ్దమున కల్యాణమందు బిజ్జలుని భాండాగారపు లెక్కలు చూచుచునే భక్తిని నడపెను. ఆ కల్యాణముననే ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యమును ఏరి తెచ్చుట కాయకముగా జీవించెను. ఒకనాడు అతడు శరణగోష్ఠిలో మైమరచి కాయకవేళను మరచెను. భార్య లక్కమ్మ గుర్తుచేయగా పరుగున పోయి, నిత్యము తెచ్చుదానికంటె అధికముగా బియ్యము తెచ్చెను. ఎక్కువైనదానిని తిరిగి పోసి రమ్మని ఆమె పంపెను. ఆశ కూడదనుటకు ఈ కథను ఉదాహరించుట వాడుక. అది సరియే. కాని ఆ అధికమైన బియ్యము ఎట్లు వచ్చెనో కూడ చూడవలెను. చేతులు నేలపై నున్నవి. మనస్సు తప్పిపోయిన వేళను పూడ్చుకొను తొందరలో నున్నది. అట్టి చేతులకు కొలత తెలియదు. లక్కమ్మ మూటను చూచి భర్త మనస్సును చదివినది. వినుచున్నది మహాత్ముల మాటలేయైనను, తన పని వేళను మరచుట ఆమె దృష్టిలో లోపమే.

తెలుగున పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన బెజ్జమహాదేవికి ఈ స్థలముల లెక్క అక్కరలేకపోయెను. శివునకు తల్లి లేదని జాలిపడి, తానే తల్లియై, పసిబిడ్డకు చేసినట్లు ఆయనకు ఉపచారములు చేసినది. బిడ్డకు నీళ్లుపోయునపుడు తల్లి మనస్సు మరియొకచోట నుండదు. ఉండినచో బిడ్డ చేతినుండి జారును.

అవధానము రోగమును పోగొట్టునా యని కొందరు అడుగుదురు. శరణులలో వైద్య సంగణ్ణ యను వైద్యుడు కలడు. చికిత్సయే అతని కాయకము. కనుక మందునకు బదులుగా పూజను చెప్పుట తగదు. జ్వరమునకు మందు, విరిగిన యెముకకు కట్టు కావలసినవే. అయితే కట్టుకట్టుటకు వీలుకాని గాయములు కొన్ని ఇండ్లలో కలవు.

లింగధారులకు జనన, మరణ, రజస్సు, ఉచ్ఛిష్ట, జాతి సూతకములు ఐదును లేవు. కావున ఇంట మరణము సంభవించిన దినమునను లింగపూజ మానరాదు. దీనిని మడిమైలల వాదముగా బోధించుటయు, మనకు మైల లేదని గొప్పగా చెప్పుకొనుటయు ఎక్కువ. దుఃఖితులకు ఈ నియమము చేయు మేలును చెప్పువారు తక్కువ. భర్తను పోగొట్టుకొనిన ఒక ఇల్లాలిని తలచుకొనుడు. మరునాటి వేకువను బంధువులు ఏడ్చి అలసి నిద్రించుచుందురు. ఆమెకు నిద్ర లేదు. అట్టివేళ ఆమెకు చేయవలసిన పని ఒకటి మిగిలియున్నది. స్నానము చేసి, నుదుట విభూతి పెట్టి, మెడలోని లింగమును తీసి ఎడమ అరచేత నుంచుకొనవలెను. నీళ్ల చల్లదనము ఒంటికి తెలియును. లింగము బరువు చేతికి తెలియును. దానిపై నిలిచిన దీపపు వెలుగు కంటికి తెలియును. అంతలో మనస్సు ఆసుపత్రి వరండాకు పోవును. ఒకదినము ముందుగా తీసికొనిపోయినచో బ్రతికెడివాడేమో యని తర్కించును. మరల అరచేతికి వచ్చును. మరల పోవును. కన్నీరు లింగముపై పడినను పూజకు లోపము లేదు. భర్తను కూర్చుండబెట్టి, అతని అరచేతను లింగముంచియే నిన్న సమాధి చేసిరి. ఆ సంగతి ఆమెకు అప్పుడు తోపకపోదు.

శోకమును మరువుమని ఆమెతో చెప్పి ప్రయోజనము లేదు, శోకము పోదు. కాని ఆసుపత్రిలో ముగిసిన నిన్నటికిని, భర్త లేని రేపటికిని నడుమ ఆమెకు నిలువ చోటు దొరకును. ఆ చోటు అరచేయంత మాత్రమే. బంధువులు ప్రేమతోనే అయినను, పనులన్నియు తామే చేసి, ఆమెను గోడకు చేరబడి కూర్చుండుమందురు. అట్లు చేయరాదు. పరామర్శకు వచ్చు జంగమస్వాములును దీర్ఘోపదేశము చేయుటకంటె, పూజకు నీళ్లును విభూతియు అమర్చబడినవో లేవో విచారించి, ఆమె పూజ ముగియువరకు మౌనముగా సమీపమున నుండుట మేలు. కొన్ని వారములకు ఒకపూట చారులో ఉప్పు తక్కువైనదని ఆమె తనంత తానే అనును. ఇంటివారు దానిని లెక్కింపరు. ప్రసాదిస్థలము నెరిగినవారు లెక్కింపవలెను. గురులింగమునకు ఆ యింట మరల అర్పణము జరిగినది.