గుల్ల మీద గ్రాఫు

పులికాట్ సరస్సు ప్రాంతంలో గుల్ల సున్నం మాట వినని ఇల్లుండదు. ఆ గుల్లల మీది చారలను ఎప్పుడైనా పరీక్షగా చూశారా? తూపిలిపాలెం సముద్రపుటొడ్డున చారల గుల్లలు దొరికితే నాలుగు ఏరి, స్కేలు దగ్గర పెట్టుకొని ఈ పాఠం చదవండి. ఖాళీవే సుమా, ప్రాణమున్నవి వద్దు!

గుల్ల మన చర్మంలా ఒళ్ళంతా పెరగదు. లోపలి జీవి అంచున మాత్రమే కొత్త పొర చేరుస్తుంది. రంగు పడేదీ అక్కడే. కాబట్టి మొదలు దగ్గరున్నది పసితనపు రంగు, అంచుదగ్గరిది చివరినాళ్ళ రంగు. అంచు వెంబడి కొలిస్తే దూరం, మొదలు నుంచి అంచుకు కొలిస్తే కాలం. అచ్చంగా గ్రాఫే! ఒక ఏటవాలు గీత అంచు వెంబడి 6 మి.మీ. జరిగేలోగా గుల్ల 3 మి.మీ. పెరిగిందనుకోండి. రంగు అల వేగం పెరుగుదల వేగానికి 2 రెట్లన్నమాట.

ఈ అల ఎలా పుడుతుంది? నీళ్ళలో సిరాచుక్క వేస్తే అంతటా సమంగా కలిసిపోతుంది. వ్యాపనం బొమ్మలను చెరిపేదే కాని గీసేది కాదనిపిస్తుంది. 1952లో ఇంగ్లండు గణితజ్ఞుడు అలన్ ట్యూరింగ్, వ్యాపనమే బొమ్మలు గీయగలదని లెక్కకట్టి చూపాడు. 1972లో జర్మనీలో గీరర్, మైన్‌హార్ట్ దానికి తేటైన రూపమిచ్చారు. ప్రేరకం అనే పదార్థం తనను తాను పెంచుకుంటుంది, తన విరోధినీ పుట్టిస్తుంది. ఆ విరోధి, అంటే నిరోధకం, చాలా వేగంగా వ్యాపిస్తే ప్రేరకం ఉన్నచోటే గుట్టగా నిలుస్తుంది. చుట్టుపక్కల మరోటి మొలవదు. మళ్ళీ కొంత దూరానగాని ఇంకో గుట్ట లేవదు. గుల్ల పెరిగేకొద్దీ ఈ గుట్టలు అంచుదాకా సాగే చారలవుతాయి.

నిరోధకం దూరం పోక, చాలాసేపు నిలిచి ఉంటే కథ మారుతుంది. అప్పుడు రంగు గడ్డిమంటలా పాకుతుంది. ఎదురెదురుగా వచ్చిన రెండు మంటలు కలిస్తే ఆరిపోతాయి కదా, రెండింటి వెనుకా బూడిదే! గుల్ల మీద ఆ చోటు అంచువైపు తిరిగిన మొనగా కనిపిస్తుంది. మొన మొదలువైపు తిరిగి ఉంటే అక్కడ అల కొత్తగా పుట్టిందన్నమాట.

అయితే 1986లో అమెరికాలో ఎర్మెన్‌ట్రౌట్, కాంప్‌బెల్, ఆస్టర్ ఇలాంటి బొమ్మలనే మరో లెక్కతో గీశారు. అందులో అంచును పెంచే కణాలను నడిపేది నాడులే. బొమ్మ కుదిరితే చాలదు, గుల్ల లోపల నిజంగా ఏం జరుగుతోందో వేరే ప్రయోగాలే తేల్చాలి.

మీ గుల్లల్లో రెండు గీతలు గుణకారపు గుర్తులా ఒకదాన్నొకటి దాటాయేమో వెతకండి. గడ్డిమంటలు అలా దాటలేవు. అలాంటి గుల్ల దొరికితే పై లెక్క దానికి చాలదు, ఇంకేదో చేర్చాలి.