తుపాను ప్రాంత గృహాలకు సౌర విద్యుత్తు: బ్యాటరీ స్టేషన్‌తో వ్యవస్థ రూపకల్పన

పరిచయం

ఉత్తర కోస్తా గ్రామాలకు తుపాను నష్టం గాలివానతోనే ముగియదు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న శ్రీకాకుళం జిల్లా పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపానులు విద్యుత్ స్తంభాలను పెద్ద ఎత్తున నేలకూల్చాయి. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలతో పాటు విద్యుత్ లైన్లూ దెబ్బతినగా, అనేక గ్రామాలు రోజుల తరబడి చీకటిలో గడిపాయి.

ఇంటి పైకప్పుపై సౌర ఫలకాలుంటే ఈ ఇబ్బంది ఉండదన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పి.ఎం. సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్ల వ్యవస్థకు కేంద్ర ప్రభుత్వం 78,000 రూపాయల రాయితీని ప్రకటించింది. అయితే బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు అనుసంధానించిన సాధారణ వ్యవస్థలో, గ్రిడ్ సరఫరా ఆగిన వెంటనే ఇన్వర్టరు కూడా ఆగిపోతుంది. లైన్లపై పనిచేసే సిబ్బంది ప్రాణరక్షణకు చేసిన ఏర్పాటిది. అందువల్ల పైకప్పు నిండా ఫలకాలున్న ఇంట్లో సైతం పట్టపగలే ఫ్యాను తిరగకపోవచ్చు. బిల్లు తగ్గించే వ్యవస్థ వేరు, విపత్తులో ఆదుకునే వ్యవస్థ వేరు. రెండవదానిని తక్కువ సామర్థ్యంతో, ఇంటి అవసరానికి తగినట్లు రూపొందించే విధానాన్ని ఈ వ్యాసంలో వివరించడమైనది.

బ్యాటరీ స్టేషన్ అంటే

బ్యాటరీ, సౌర చార్జింగు నియంత్రిక, ఇన్వర్టరు, రక్షణ వలయాలు ఒకే పెట్టెలో అమర్చి, చేతితో మోసుకెళ్లగలిగే పరికరమే బ్యాటరీ స్టేషన్. దీనిపై రెండు వేర్వేరు అంకెలు ఉంటాయి. వాట్-గంటలు ఎంత విద్యుత్తు నిల్వ ఉండగలదో తెలుపుతాయి. వాట్లు ఒకేసారి ఎంత భారం మోయగలదో తెలుపుతాయి. కొనుగోలుదారులు తరచుగా ఈ రెండింటినీ ఒకటిగా భావిస్తారు. 1000 వాట్-గంటలు ఒక యూనిట్‌కు సమానమని చెబితే రైతులకు సులభంగా అర్థమవుతుంది.

మొదటి మెట్టు: అవసరాల లెక్క

రూపకల్పన ఫలకంతోనో, పెట్టె ధరతోనో కాక, ఇంటి అవసరంతో మొదలుకావాలి. ఒక సాధారణ కుటుంబానికి రోజువారీ లెక్క ఈ విధంగా ఉంటుంది.

9 వాట్ల ఎల్.ఇ.డి. దీపాలు 4, 5 గంటలు: 180 వాట్-గంటలు
30 వాట్ల బి.ఎల్.డి.సి. ఫ్యాన్లు 2, 8 గంటలు: 480 వాట్-గంటలు
ఫోన్లు 3, ఒక్కొక్కటి 15 వాట్-గంటలు: 45 వాట్-గంటలు
5 వాట్ల రేడియో, 3 గంటలు: 15 వాట్-గంటలు
మొత్తం: 720 వాట్-గంటలు

ఇవే గంటలకు 75 వాట్ల పాత ఫ్యాన్లు వాడితే మొత్తం 1440 వాట్-గంటలకు, అంటే సరిగ్గా రెట్టింపుకు చేరుతుంది. బ్యాటరీ సామర్థ్యం పెంచడానికి ముందు ఫ్యాన్లు మార్చడం మేలని ఈ ఒక్క పోలిక తెలుపుతుంది.

ఇన్వర్టరు సామర్థ్యం 85 శాతంగా తీసుకుంటే 720 వాట్-గంటల వాడకానికి బ్యాటరీ నుండి సుమారు 847 వాట్-గంటలు ఖర్చవుతాయి. ఇన్వర్టరు ఆన్‌లో ఉన్నంతసేపు తనకు తానుగా 10 వాట్ల వరకు వాడుకుంటుందనుకుంటే, 10 గంటలకు మరో 100 కలిపి మొత్తం 947 అవుతుంది. కాబట్టి 1000 వాట్-గంటల స్టేషన్ ఒక రోజుకు సరిపోతుంది. అవసరం లేనప్పుడు ఇన్వర్టరు మీటను ఆపివేయడం అలవాటు చేసుకోవాలి.

రెండవ మెట్టు: విపత్తు రోజుల జాబితా

తుపాను రోజున ఎండ ఉండదు. మరునాడు కూడా మబ్బు వీడకపోవచ్చు. అందుకే రెండవ జాబితా అవసరం. రెండు దీపాలు, ఒక ఫ్యాను, ఫోన్లు, రేడియోలకు పరిమితమైతే వాడకం 390 వాట్-గంటలు. నష్టాలు కలిపితే సుమారు 560. పూర్తిగా నిండిన స్టేషన్ మొదటి రోజు ఎండ లేకున్నా ఈ భారాన్ని మోసి, 440 వాట్-గంటలు మిగుల్చుతుంది. మొదటి జాబితా ప్రకారమే వాడితే తొలి రాత్రికే దాదాపు ఖాళీ అవుతుంది. వ్యవస్థ విజయం పరికరం పరిమాణంపై ఎంత ఆధారపడుతుందో ఈ క్రమశిక్షణపైనా అంతే ఆధారపడుతుంది.

మూడవ మెట్టు: ఫలకాల సామర్థ్యం, వోల్టేజి

రోజంతా పడే ఎండను చదరపు మీటరుకు 1000 వాట్ల తీవ్రతగల గంటలుగా లెక్కిస్తారు. మబ్బు రోజులను దృష్టిలో ఉంచుకొని దీనిని 4 గంటలుగా, వేడి, దుమ్ము, చార్జింగు నష్టాలు పోగా ఫలకం పనితీరును 70 శాతంగా తీసుకుంటే 950 వాట్-గంటలకు సుమారు 340 వాట్ల ఫలకాలు కావాలి. 200 వాట్లవి రెండు అమర్చితే కొంత వెసులుబాటు ఉంటుంది. ఎండ 2 గంటలకు సమానంగా తగ్గిన రోజున కూడా ఇవి 560 వాట్-గంటలు ఇస్తాయి. ఇది విపత్తు జాబితా అవసరానికి సరిపోతుంది.

వాట్ల కంటే వోల్టేజి విషయంలో ఎక్కువ జాగ్రత్త వహించాలి. ఫలకాల సామర్థ్యం పరిమితికి కొంత మించినా స్టేషన్ తనకు కావలసినంత మాత్రమే తీసుకుంటుంది. వోల్టేజి పరిమితి మించితే మాత్రం నియంత్రిక దెబ్బతినవచ్చు. ఉదాహరణకు 60 వోల్టుల పరిమితిగల స్టేషన్‌కు, ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి 23గా ఉన్న రెండు ఫలకాలను శ్రేణిలో కలిపితే 46 వోల్టులవుతాయి, ఇది సురక్షితం. పైకప్పులపై వాడే పెద్ద ఫలకాలు ఒక్కొక్కటి 49 వోల్టుల వరకు ఉంటాయి. వాటిని రెండింటిని శ్రేణిలో కలపరాదు. ఉష్ణోగ్రత 25 డిగ్రీల కంటే తగ్గే ప్రతి డిగ్రీకి వోల్టేజి సుమారు 0.3 శాతం పెరుగుతుంది. కాబట్టి లంబసింగి వంటి చలి ప్రాంతాలలో శీతాకాలపు ఉదయాన్ని దృష్టిలో ఉంచుకొని లెక్క వేయాలి.

ఎంపిక, వాడకంలో జాగ్రత్తలు

1. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు నికెల్-మాంగనీస్-కోబాల్ట్ రకం కంటే వేడిని బాగా తట్టుకుంటాయి, ఎక్కువసార్లు చార్జింగును భరిస్తాయి. ఫలకాలు ఎండలో ఉన్నా, స్టేషన్‌ను నీడలో, గాలి తగిలే గదిలో, నేలపై నీరు చేరని ఎత్తులో ఉంచాలి.

2. మోటారున్న పరికరాలు ప్రారంభంలో తమ సాధారణ భారానికి అనేక రెట్లు విద్యుత్తు తీసుకుంటాయి. ఒక హార్స్‌పవర్ నీటి మోటారును 1000 వాట్ల స్టేషన్‌కు కలపరాదు. తుపాను హెచ్చరిక వచ్చిన వెంటనే నీటి ట్యాంకు నింపుకోవడమే పరిష్కారం.

3. చిన్న రిఫ్రిజిరేటరు రోజుకు 800 వాట్-గంటల వరకు వాడవచ్చు. ఇంట్లో ఇన్సులిన్ వాడేవారుంటే ఈ భారాన్ని మొదటే విడిగా లెక్కించి, రెండవ స్టేషన్‌ను, అదనపు ఫలకాలను ప్రణాళికలో చేర్చాలి.

4. స్టేషన్ తీగను గోడ సాకెట్‌లో గుచ్చి ఇంటి వైరింగుకు విద్యుత్తు పంపరాదు. ఆ విద్యుత్తు బయటి లైన్లలోకి చేరితే స్తంభంపై పనిచేస్తున్న వ్యక్తి ప్రాణాలకే ప్రమాదం. పరికరాలను నేరుగా స్టేషన్‌కే కలపాలి.

5. గాలులు పెరగక ముందే ఫలకాలను విప్పి ఇంట్లో భద్రపరచాలి. తీగలకు విప్పదగిన కనెక్టర్లు అమర్చితే ఈ పని నిమిషాలలో పూర్తవుతుంది.

6. వాడని నెలలలో స్టేషన్‌ను సగానికి పైగా చార్జింగుతో ఉంచి, మూడు నెలలకొకసారి పరీక్షించాలి. తుపాను హెచ్చరిక రాగానే పూర్తిగా నింపాలి.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచన

గ్రామ ప్రదర్శనలలో పరికరాన్ని చూపడం కంటే ముందు ప్రతి కుటుంబంతో రెండు జాబితాలు రాయించడం అవసరం. సెప్టెంబరులో ఒక రాత్రి మెయిన్ స్విచ్ ఆపి, విపత్తు జాబితాతో గడిపి, తెల్లవారిన తరువాత మిగిలిన చార్జింగును నమోదు చేయించాలి. లెక్కలో పొరపాటుంటే ఆ రాత్రే బయటపడుతుంది. సరిదిద్దుకోవడానికి అక్టోబరు వరకు సమయం ఉంటుంది. ఇంటిల్లిపాదికీ ఏ మీట ఎప్పుడు ఆపాలో తెలిసినప్పుడే ఒక యూనిట్ నిల్వగల చిన్న పెట్టె తుపాను రోజులలో ఆ కుటుంబానికి నిజంగా అక్కరకు వస్తుంది.